బిడ్డ కోసం ఊరు మారే ముందు ఒక్కసారి ఆగండి



మొన్న సెలవు రోజు మా క్యాంపు మెస్ దగ్గర ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. నిర్మల్ దిక్కు పిలగాడు, షట్టరింగ్ కార్పెంటర్. పనిలో హుషారు మనిషి, ఆ రోజు మాత్రం మొఖం మాడిపోయి ఉంది. నాలుగేళ్ల కొడుక్కి ఆటిజం అని డాక్టర్ చెప్పాడట. "అన్నా, హైదరాబాద్‌లో రూమ్ కిరాయికి తీసుకుని ఆమెను, బాబును అక్కడ పెట్టనా? లేకపోతే అప్పు చేసైనా ఇక్కడికే తెచ్చుకోనా? మా ఊర్లో ఉంటే వాని బతుకు ఆగమైతది" అన్నాడు.

నన్నే ఎందుకు అడిగాడంటే, నా కొడుక్కి కూడా ఆటిజమే అని ఇక్కడ కొంతమందికి తెలుసు. వాడికి ఇప్పుడు పదమూడేళ్లు. ఆ తమ్ముడికి చెప్పిందే మీ అందరికీ రాస్తున్నా. ఎందుకంటే మనలో ఇట్లాంటి బిడ్డలున్న తండ్రులు ఇంకా ఉన్నారు, బయటికి చెప్పరు. నేనూ నాలుగేళ్లు చెప్పలేదు.

నా మాట ముందే చెప్తా. బిడ్డను పెద్ద సిటీకి, పెద్ద దేశానికి మార్చినంత మాత్రాన బిడ్డ బాగుపడడు. తల్లికి తోడు మనిషి ఉన్న చోటు, వారం వారం పోయి రాగలిగిన దూరంలో సెంటర్ ఉన్న చోటు, పదేళ్లు ఖర్చు భరించగలిగే చోటు, అదే మంచి చోటు. సిటీ పేరు ఆ తర్వాత సంగతి. ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నా.

మా పిలగాడి సంగతి

మా వాడు పుట్టినప్పుడు నేను షార్జాలో ఉన్నా. రెండేళ్లొచ్చినా మాటలు రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. బొమ్మ కారు ఇస్తే నడపడు, తిరగేసి చక్రం తిప్పుకుంటూ గంట కూర్చుంటాడు. వీడియో కాల్ చేస్తే ఫోన్ దిక్కు చూడడు. నేనేమో బాపు దూరంగా ఉన్నాడని కోపం అనుకున్నా. ఈసారి లీవుకు పోతే అలవాటైతడు అనుకున్నా. పోయిన, వచ్చిన, అట్లనే ఉన్నాడు. ఇంట్లో పెద్దోళ్లు "మేనమామకు కూడా అయిదేళ్లకే మాటలొచ్చినయ్" అన్నారు. అట్ల రెండేళ్లు పోయినయ్. నాలుగున్నర ఏళ్లకు గాని పేరు తెలియలేదు.

పేరు తెలిసినంక ఇంకో బాధ. అందరూ మా ఆమెనే అన్నారు. ఫోన్ ఇచ్చి చెడగొట్టింది అని ఒకరు, కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిన్నది అని ఒకరు. ఇది మనసులో పెట్టుకోండి: ఆటిజం తల్లి తప్పు వల్ల రాదు. టీకాల వల్ల రాదు. పుట్టుకతోనే మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా అది. ఫోన్ ఎక్కువ చూస్తే మాటలకు నష్టమే, కానీ ఆటిజానికి కారణం అది కాదు. దీనికి మందు గోలీ లేదు. నేర్పిస్తే నేర్చుకుంటారు. ఎంత చిన్న వయసులో మొదలుపెడితే అంత మంచిది.

ఇక్కడికి తెచ్చుకుంటే?

ముందు నేనూ ఇదే అనుకున్నా. ఇక్కడి రోడ్లు, ఆసుపత్రులు చూసి బడులు కూడా అట్లనే మనకు దొరుకుతాయి అనుకుంటాం. యూఏఈలో మంచి సెంటర్లు ఉన్నమాట నిజమే. దుబాయ్ ఆటిజం సెంటర్ 2001లోనే పెట్టారు. వికలాంగుల హక్కులకు 2006లోనే ఇక్కడ చట్టం చేశారు. ఇక్కడ వాళ్లను మర్యాదగా "సంకల్పం ఉన్నవాళ్లు" అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. అది చూసి నాకూ సంతోషమే.

కానీ మన లెక్క మనం చూసుకోవాలి. ఫ్యామిలీని తెచ్చుకోవాలంటే జీతం 4,000 దిర్హాములు ఉండాలి, లేదంటే 3,000 జీతంతో పాటు ఇల్లు కంపెనీ ఇవ్వాలి. మనలో ఎక్కువ మందికి అది అందదు. నా జీతం ఆ లెక్కకు ఒడ్డు మీద సరిపోయింది. కాగితం మీద సరిపోయింది కాని ఇంటి కిరాయి, స్కూల్ ఫీజు కలిపితే జీతం దాటిపోయింది. మనలాంటోళ్ల పిల్లలు ఇక్కడ చదివేది ఫీజు కట్టే ప్రైవేట్ బడుల్లోనే. ఇట్లాంటి బిడ్డ పక్కన కూర్చునే సహాయ టీచర్ కావాలంటే ఆ ఖర్చు చాలా చోట్ల తల్లిదండ్రులదే.

ఇంకొకటి. మన వీసా మన పనికి కట్టేసి ఉంటుంది. ప్రాజెక్ట్ అయిపోయి కంపెనీ పంపిస్తే ఫ్యామిలీ కూడా బయల్దేరాల్సిందే. మామూలు పిలగాడైతే బడి మారితే ఏడ్చి ఊరుకుంటాడు. ఆటిజం ఉన్న బిడ్డకు పడుకునే మంచం మారినా తట్టుకోవడం కష్టం. మంచి జీతం, గట్టి ఉద్యోగం ఉన్న ఇంజనీర్లకు ఈ దారి పనికొస్తుందేమో. క్యాంపులో ఉండే మనకు కాదు. అప్పు చేసి అసలే వద్దు.

హైదరాబాద్‌లో మేం చేసిన తప్పు

అందుకని హైదరాబాద్ పెట్టాం. మూడో అంతస్తులో ఒక రూమ్, కిరాయి ఏడు వేలు. నేను ఇక్కడ, మా ఆమె, వాడు అక్కడ. తెలిసినోళ్లు ఒక్కరు లేరు. ఒక ప్రైవేట్ సెంటర్‌లో వారానికి మూడు సార్లు థెరపీ, ఒక్కోసారి ముప్పావు గంట, ఆరు వందలు. 14 నెలలు ఉంచాం. కిరాయి, థెరపీ, ఆటోలు, ఇంటి ఖర్చు అన్నీ కలిపి మూడు లక్షల ఎనభై వేలు అయింది.

లెక్క చూడండి. వారానికి మూడు ముప్పావు గంటలు అంటే రెండుంబావు గంటలు. మిగతా వారమంతా వాడు ఎక్కడున్నాడు? తలుపు గడియ పెట్టిన రూమ్‌లో. కిందికి దించితే రోడ్డు మీదికి ఉరుకుతాడని మా ఆమెకు భయం. వాడు అరిస్తే కింది ఇంటోళ్లు గొడవ. వంట చేయాలంటే వాడి చేతిలో ఫోన్ పెట్టాల్సిందే. ఊర్లో ఉన్నప్పుడు తాత వెంట పొలానికి పోయేటోడు, కోళ్ల వెంట తిరిగేటోడు. అక్కడ అదీ పోయింది.

ఒక రాత్రి ఆమెకు జ్వరం ఎక్కువైంది. లేవలేకపోయింది. వాడు ఆకలికి గోడకు తల కొట్టుకుంటున్నాడు. రాత్రి ఒంటిగంటకు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేను ఇక్కడ మంచం మీద కూర్చుని ఏం చేయగలను? తెల్లారేదాక ఫోన్ పట్టుకుని కూర్చున్నా, అంతే. థెరపీ కోసమని ఊరు మార్చి, ఆమెను ఒంటరిని చేశానని ఆ రాత్రి అర్థమైంది.

ఆ 14 నెలల్లో ఒక మేలు జరిగింది. సికింద్రాబాద్ బోయినపల్లి మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉందని ఎవరో చెప్తే ఆమె పోయింది. 1984లో పెట్టిన సంస్థ. ముందు నిమ్హ్ అనేవాళ్లు, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. ఇంటి పక్కనే అంత పెద్ద సంస్థ పెట్టుకుని, పన్నెండు నెలలు దాని పేరు కూడా తెలియకుండా ప్రైవేట్‌లో డబ్బులు పోశాం. అక్కడ బిడ్డను అన్ని విధాలా పరీక్ష చేసి, ఇంట్లో ఏం నేర్పాలో తల్లికి నేర్పించారు. అక్కడి టీచరమ్మ చెప్పిన మాట మా ఆమె నాకు ఫోన్‌లో చెప్పింది: ఇక్కడ చేసేది మీకు చూపించడానికే, అసలు బడి మీ ఇల్లే అని.

ఇల్లే బడి అయినప్పుడు, మనుషులు లేని ఇంట్లో ఎందుకుండాలి?

తిరిగి వచ్చినంక

రూమ్ ఖాళీ చేసి జగిత్యాలకు మార్చాం. మా అత్తగారి ఊరు అక్కడికి దగ్గర. మా ఊర్లోనే పెట్టలేదు, ఎందుకంటే ఊరి నుంచి బస్సులు తక్కువ. టౌన్‌లో పెట్టాం కాబట్టి అత్త వచ్చి ఉంటుంది, మామ వచ్చి పోతాడు, కరీంనగర్‌కు నేరుగా బస్సు ఉంది. మండలంలో భవిత సెంటర్ ఉంది. ఇది సర్కారు బడుల కిందనే నడుస్తుంది, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు నేర్పే టీచర్ ఉంటారు, ఫీజు లేదు. కదలలేని పిల్లలుంటే ఇంటికే వచ్చి నేర్పే పద్ధతి కూడా ఉంది. ఆంధ్రలో కూడా భవిత సెంటర్లు ఉన్నాయి.

ఆరునెలలకు ఒకసారి సికింద్రాబాద్ పోయి చూపించి, కొత్తగా ఏం నేర్పాలో రాయించుకుని వస్తారు. తువ్వాల పట్టుకోవడం, గ్లాసులో నీళ్లు పోసుకోవడం, అంగీ గుండీ పెట్టుకోవడం, ఒక్కొక్కటి నెలల తరబడి నేర్పారు. ఇప్పుడు సొంతంగా తింటాడు, బాత్రూమ్‌కు పోతాడు, తాతతో పాటు కూరగాయల సంచి మోస్తాడు. మాటలు తక్కువే. తొమ్మిదేళ్లప్పుడు ఒక రోజు వీడియో కాల్‌లో నా దిక్కు చూసి "బాపు" అన్నాడు. ఆ రోజు స్లాబ్ పని నడుస్తుంటే పక్కకు పోయి కూర్చున్నా.

"జిల్లాలో ఏముందన్నా?" అంటారు

ఈ మాట చాలామంది అంటారు, అందులో నిజం ఉంది. జిల్లాల్లో స్పీచ్ థెరపిస్ట్‌లు తక్కువ. కొన్ని చోట్ల పోస్టులు ఖాళీగా ఉంటాయి. ఒక్క టీచర్ మీద చాలామంది పిల్లలు ఉంటారు. అందుకని జిల్లాలో అన్నీ ఉన్నాయని నేను అనను. బిడ్డకు ఫిట్స్ వస్తున్నాయంటే, ఒంటిని గాయం చేసుకుంటున్నాడంటే, చెవులు వినపడతాయో లేదో అనుమానం ఉంటే పెద్ద డాక్టర్ల దగ్గరికి పోవాల్సిందే, ఆలస్యం చేయొద్దు.

కాని పోవడం వేరు, సంసారం మార్చడం వేరు. పది రోజులు, పదిహేను రోజులు పని పెట్టుకుని పోండి. పరీక్షలు చేయించండి, నేర్చుకోండి, తిరిగి రండి. ఎన్ఐఈపీఐడీలో దూరం నుంచి వచ్చే కుటుంబాలు కొన్ని రోజులు ఉండి నేర్చుకోవడానికి కాటేజీలు ఉన్నాయి, ముందుగా అడిగి పోండి. ఆంధ్ర తమ్ముళ్లకు నెల్లూరులో ఇదే సంస్థ కింద నడిచే ప్రాంతీయ కేంద్రం ఉంది. మీకు మార్చక తప్పదు అనిపిస్తే అవ్వనో, అత్తనో తోడు పంపండి. తల్లీబిడ్డలను ఇద్దరినే పంపొద్దు.

మారే ముందు అడగాల్సిన అయిదు ప్రశ్నలు

మట్టి చూడకుండా మనం పునాది తీయం కదా. ఇల్లు మార్చే ముందు కూడా ఇవి చూడండి.

1. తల్లికి జ్వరం వస్తే ఆ రోజు బిడ్డను చూసేది ఎవరు? పేరు చెప్పలేకపోతే ఆ ఊరు మీకు కాదు.

2. సెంటర్‌కు పోయి రావడానికి ఎంతసేపు? మూడు బస్సులు మారితే రెండు నెలలకు మానేస్తారు. ఆర్టీసీలో తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. తల్లికి ఆ ఖర్చు మిగిలినట్టే.

3. బడి ఏది? 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉంది. 40 శాతం, ఆ పైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్న బిడ్డకు ఆరేళ్ల నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు. దగ్గరి బడిలో గాని, ప్రత్యేక బడిలో గాని, ఏదనేది మన ఇష్టం. సర్కారు బడి "మాతో కాదు" అంటే రాసి ఇవ్వమనండి, మండల విద్యాధికారి దగ్గరికి పోండి. ప్రైవేట్ ప్రత్యేక బడి అయితే చెప్పకుండా ఒకరోజు పోయి చూడండి. తల్లిని లోపల కూర్చోనిస్తారా? ఒక టీచర్‌కు ఎంతమంది పిల్లలు? కొడతారా, కట్టేస్తారా? లోపలికి రానీయని చోట బిడ్డను వదలొద్దు.

4. ఈ ఖర్చు పదేళ్లు పెట్టగలమా? మొదటి సంవత్సరం అప్పు తెచ్చి ఎవరైనా పెడతారు. ఆటిజం ఒక ఏడాదిలో అయిపోయేది కాదు. నెలకు అయిదు వేలు పదేళ్లు పంపడం, ఒక్క ఏడాది ముప్పై వేలు పంపి ఆపేయడం కన్నా మేలు.

5. 18 దాటినంక ఎక్కడుంటాడు? బిడ్డను గుర్తుపట్టే దుకాణం, పలకరించే పక్కింటోళ్లు, వెంట తిప్పుకునే బంధువులు అప్పుడు కావాలి. మనం తర్వాత వాడిని చూసేది వాళ్లే.

ఊరు మారకముందే చేయాల్సిన కాగితాలు

ముందు జిల్లా పెద్దాసుపత్రిలో డీఈఐసీ అని చిన్నపిల్లల సెంటర్ ఉంటుంది, అక్కడికి తీసుకుపొమ్మని చెప్పండి. ఇది 2013లో మొదలైన కేంద్ర పథకం కింద పెట్టింది, పరీక్షలు ఉచితం. చెవి పరీక్ష తప్పకుండా చేయించండి. వినపడకపోయినా పిల్లలు పలకరు కదా.

తర్వాత సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు. తెలంగాణలో మీసేవలో అడగండి. ఆంధ్రలో సచివాలయంలో అడగండి. యూడీఐడీ కార్డు దేశమంతా చెల్లుతుంది, పింఛన్ మాత్రం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. తెలంగాణలో వికలాంగుల పింఛన్ 2023 నుంచి 4,016 రూపాయలు, ఆంధ్రలో 2024 నుంచి 6,000. అర్హత ఉందో లేదో అక్కడే తెలుస్తుంది. ఆంధ్ర తమ్ముళ్లు ఫ్యామిలీని హైదరాబాద్ మారిస్తే, ఒకటో తారీఖు ఇంటికి వచ్చే ఆ పింఛన్ కూడా లెక్కలో పెట్టుకోండి.

నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా. ఆటిజం ఉన్నవాళ్లకు వర్తిస్తుంది, థెరపీకి కూడా కొంత వస్తుంది. 18 దాటినంక బిడ్డ తరఫున సంతకం పెట్టడానికి కలెక్టర్ కమిటీ నుంచి గార్డియన్ కాగితం తీసుకోవాలి. ఇది ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

ఒక హెచ్చరిక. "ఆరునెలల్లో పూర్తిగా నయం చేస్తాం" అనే వాళ్లను నమ్మొద్దు. స్టెమ్ సెల్ ఇంజక్షన్ అని లక్షలు అడుగుతారు. అది ఆటిజానికి ఒప్పుకున్న వైద్యం కాదు. హాస్టల్‌లో వదిలేసి పొండి, మేం చూసుకుంటాం అనే వాళ్లను కూడా నమ్మొద్దు. దూరంగా ఉన్న తండ్రి దగ్గర డబ్బు ఉంటది, బాధ ఉంటది అని వాళ్లకు బాగా తెలుసు.

మనం ఇక్కడి నుంచి ఏం చేయాలి?

డబ్బు పంపితే అయిపోలేదు. రోజూ ఒకే టైమ్‌కు వీడియో కాల్ చేయండి. "మాట్లాడు, మాట్లాడు" అని ఒత్తిడి చేయొద్దు. వాడికి ఇష్టమైనది చూపించండి. మా వాడికి క్రేన్ తిరగడం ఇష్టం, రోజూ అదే చూపించేవాణ్ని. లీవు పెళ్లిళ్ల టైమ్‌కు కాకుండా సర్టిఫికెట్ స్లాట్‌కో, బడి అడ్మిషన్‌కో కలిసేటట్టు పెట్టుకోండి. ఇంట్లో ఎవరైనా తల్లిని మాట అంటే, మీరే ఫోన్ చేసి "తప్పు ఆమెది కాదు" అని చెప్పండి. దుబాయ్ నుంచి కొడుకు చెప్తే వింటారు. ఆ మాట నేను ఆలస్యంగా చెప్పిన, ఇప్పటికీ బాధనే.

ఆ నిర్మల్ తమ్ముడికి ఒక్కటే చెప్పిన: "రూమ్‌కు అడ్వాన్స్ ఇవ్వకు. ఈ వారం ఆమెను, మీ అవ్వను కలిపి పిలగాణ్ని జిల్లా దవాఖానకు పంపు. వాళ్లేం చెప్పారో విని, అప్పుడు మాట్లాడుకుందాం." మొన్న రాత్రి ఫోన్ చేశాడు, చెవి పరీక్షకు తేదీ ఇచ్చారట.

మీలో ఎవరి ఇంట్లోనైనా ఇట్లాంటి బిడ్డ ఉంటే దాచుకోవద్దు. గ్రూపులో చెప్పడానికి ఇష్టం లేకపోతే సెలవు రోజు మెస్ దగ్గరికి రండి, చాయ్ తాగుతూ మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీలో ఒకడు,
సైట్ సూపర్‌వైజర్, షార్జా